ఇంగ్లండులో ఊరి పేరు విప్పడం ఎలా

లండన్‌కు దక్షిణాన ఉన్న క్రాయ్‌డన్ పేరు చూడండి. పాత ఇంగ్లీషులో "దూన్" అంటే గుట్ట అని కాస్త తెలిసినవాళ్ళు, చివరి "డన్" చూసి ఇది గుట్ట మీద వెలసిన ఊరని చెప్పేస్తారు. 809 నాటి దానపత్రంలో మాత్రం ఈ పేరు "క్రోగెదెనె". అందులో ఉన్నది దూన్ కాదు, "దెను". అంటే లోయ. ముందున్న ముక్క "క్రోహ్", కుంకుమపువ్వు. అడవి కుంకుమపువ్వు పెరిగే లోయ జనం నోట్లో నలిగి గుట్టలా వినిపిస్తోంది. ఉత్తర లండన్‌లోని ఇస్లింగ్టన్‌ది ఇంకో రకం మోసం. చివర "టన్" కనిపిస్తుంది కాబట్టి ఇది "తూన్", అంటే కమతం చుట్టూ పెరిగిన ఊరు అనుకుంటాం. 1000 ప్రాంతపు రాతలో అది "గిస్లందూనె", గిస్ల అనే ఆసామి గుట్ట.

కాబట్టి ఇవాళ్టి బోర్డు మీది అక్షరాలకు అర్థం చెప్పే ప్రయత్నం అసలు చేయకండి. పాత రాతలు పోగుచేయడమే ఈ పనిలో ముప్పాతిక వంతు. అర్థం చెప్పడం ఆఖరున, చాలాసార్లు ఒక్క వాక్యంలో అయిపోతుంది.

ముందు ఏ ఊరో తేల్చుకోండి

మిల్టన్, నార్టన్, సటన్, బ్రాటన్ లాంటి పేర్లు ఇంగ్లండంతా ఉన్నాయి. ఒక ఊరి పాత రూపాన్ని మరో ఊరికి అంటగట్టడమే కొత్తవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. అందుకే నోటు పుస్తకంలో మొదటి పేజీలో మూడు సంగతులు రాసుకోండి: ఊరు ఏ పారిష్‌లో ఉంది, ఏ హండ్రెడ్‌లో ఉంది, ఏ కౌంటీలో ఉంది. పారిష్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం. హండ్రెడ్ అంటే మన పాత ఫిర్కా లాంటి పాలనా విభాగం. డేన్లు అనే వైకింగులు స్థిరపడ్డ తూర్పు, ఉత్తర కౌంటీల్లో చాలాచోట్ల దాన్నే వాపెన్‌టేక్ అంటారు. కౌంటీ విషయంలో 1974కు ముందున్న హద్దులనే పట్టుకోండి. ఆ ఏడాది జరిగిన మార్పుల్లో చాలా ఊళ్ళు కౌంటీ మారాయి. ఆబింగ్డన్ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఉంది కానీ, దాని పాత కాగితాలన్నీ బర్క్‌షైర్ కింద దొరుకుతాయి.

పాత రూపాల పట్టిక

పేజీకి అయిదు గళ్ళు గీయండి. ఏడాది, రూపం ఉన్నది ఉన్నట్టుగా, ఏ పత్రం, ఆ పత్రం అసలుదా నకలా, అది ఈ ఊరే అనడానికి ఆధారం. నాలుగో గడిని చాలామంది వదిలేస్తారు, తర్వాత చిక్కుల్లో పడతారు. పదో శతాబ్దపు రాజు ఇచ్చిన దానపత్రం అని పేరుంటుంది. మన చేతికి వచ్చేది మాత్రం పన్నెండు, పదమూడో శతాబ్దంలో ఏ మఠంలోనో సన్యాసి ఎత్తి రాసుకున్న ప్రతి. అతను చాలాచోట్ల స్పెల్లింగును తన కాలానికి తగ్గట్టు దిద్దేశాడు. ఆ రూపాన్ని పదో శతాబ్దానికి సాక్ష్యంగా లెక్కపెడితే పట్టిక అంతా వంకర పోతుంది. ఈ దానపత్రాల్లో అసలు పాఠం లాటిన్‌లో ఉన్నా, పొలం హద్దులు చెప్పే భాగం తరచుగా పాత ఇంగ్లీషులోనే ఉంటుంది. వాగులు, చెట్లు, దిబ్బల పేర్లు అక్కడే దొరుకుతాయి కాబట్టి ఆ భాగాన్ని దాటవేయకండి.

వెతికే వరుస ఇలా పెట్టుకుంటే శ్రమ తగ్గుతుంది. 1923లో స్థాపించిన ఇంగ్లిష్ ప్లేస్‌నేమ్ సొసైటీ కౌంటీల వారీగా, హండ్రెడ్, పారిష్ వరుసలో సంపుటాలు వేస్తోంది. మీ కౌంటీ సంపుటం వచ్చి ఉంటే మొదట అదే తెరవండి. తర్వాత 1086 నాటి డూమ్స్‌డే సర్వే, ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచిన నార్మన్ రాజు విలియం చేయించిన భూముల లెక్క. ఆపైన రాజుగారి ఖజానా లెక్కలైన పైప్ రోల్స్. వీటిలో మిగిలిన అతి పాతది 1130 నాటిది. ఆ తర్వాత భూమి క్రయవిక్రయాల ఒప్పందాలైన ఫీట్ ఆఫ్ ఫైన్స్, 1327, 1332 పన్ను జాబితాలు. వీటి అసలు ప్రతులు లండన్ శివార్లలో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. 1538 నుంచి పారిష్ రిజిస్టర్లు మొదలవుతాయి. వాటిని ఏ పారిష్‌కు చెందినవి ఆ కౌంటీ రికార్డు ఆఫీసులో అడగాలి.

1300కు ముందటి రూపాలు కనీసం నాలుగైదు, అవీ వేర్వేరు పత్రాల నుంచి దొరికేదాకా అర్థం జోలికి పోకండి. ఒకే ఒక్క రూపం మీద కట్టిన వ్యాఖ్య, ఒక్క లేఖరి చేయి జారితే కూలిపోతుంది.

డూమ్స్‌డే లేఖరి చెవి

డూమ్స్‌డేలో 13,000 పైచిలుకు ఊళ్ళ పేర్లున్నాయి. ఎసెక్స్, నార్ఫోక్, సఫోక్ కౌంటీలకు విడిగా చిన్న సంపుటం ఉంది. మిగతావి పెద్ద సంపుటంలో ఉన్నాయి. డరమ్, నార్తంబర్లాండ్ అందులో లేవు కాబట్టి అక్కడి ఊరి కోసం వెతికి కాలం పాడుచేసుకోకండి. చాలా పేర్లకు దొరికే మొట్టమొదటి రాత ఇదే. అయినా దీన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. ఇంగ్లీషువాళ్ళు నోటితో చెప్పిన పేర్లు ఫ్రెంచి, లాటిన్ రాతకు అలవాటుపడ్డ లేఖరుల చేతుల మీదుగా ఇందులోకి చేరాయి. కాకినాడను కొకనాడ అనీ, ఏలూరును ఎల్లోర్ అనీ దొరల దఫ్తర్లలో ఎలా రాసుకున్నారో, ఇక్కడ ఆ దొరల పూర్వీకుల ఊళ్ళకే అదే జరిగింది.

ఆ చెవి చేసే మార్పులకు ఒక పద్ధతి ఉంది. అవి తెలిస్తే వెనక్కి తిప్పుకోవచ్చు. "థ" ధ్వని వాళ్ళకు లేదు, "ట" అనో "డ" అనో రాస్తారు. థార్ప్ అక్కడ "టోర్ప్" అవుతుంది, చివరి "వర్త్" కాస్తా "ఓర్డె", "వోర్డె" అవుతుంది. మాట మొదట "స్ట్ర" వంటి గుత్తి వస్తే ముందొక "ఎ" తగిలిస్తారు. దక్షిణ లండన్ స్ట్రెటమ్ డూమ్స్‌డేలో "ఎస్ట్రెహామ్". అది చూసి తూర్పు అన్న మాట కోసం వెతికితే దారి తప్పినట్టే. అది "స్త్రేత్", రోమన్లు వేసిన బాట. మాట మొదటి "స్న" ఇంకా కష్టం. నాటింగ్‌హామ్ డూమ్స్‌డేలో "స్నోటింగెహామ్" గానే ఉంది, స్నోట్ అనేవాడి బలగం ఊరు. ఫ్రెంచి నోళ్ళలో తర్వాత మొదటి అక్షరం రాలిపోయింది. ఊరివాళ్ళకు అది ఒక రకంగా మేలే చేసింది, ఆ మాటకు ఇప్పుడు ఇంగ్లీషులో చీమిడి అని అర్థం మరి. ఇక ర, ల, న ఒకదాని చోట ఒకటి కూర్చుంటాయి. "దున్‌హోల్మ్" డరమ్ అయింది. డూమ్స్‌డేలోని "సారిస్‌బెరియె" సాల్స్‌బరీ అయింది. అక్కడి బిషప్ సంతకంలో కనిపించే "సారమ్" అన్న రూపమైతే, లేఖరులు కుదించి రాసిన "సార్"ను తర్వాతివాళ్ళు తప్పుగా విప్పడం వల్ల పుట్టింది.

చేతిరాత చూస్తున్నప్పుడు ఇంకొన్ని గోతులున్నాయి. పాత ఇంగ్లీషులో "వ" ధ్వనికి వాడిన "విన్" అనే అక్షరం, రోమన్ "పి"లా కనిపిస్తుంది. అది తెలియని నకలుదారు చేతిలో "వ" కాస్తా "ప" అవుతుంది. "థ"కు వాడిన "థార్న్" అక్షరం తర్వాతి కాలంలో "వై"లా మారింది. ఐ, ఎన్, ఎమ్, యు అన్నీ ఒకే రకం నిలువు గీతలు. వరసగా ఆరు గీతలుంటే ఎన్ని విధాలుగా విడగొట్టవచ్చో అన్ని విధాలూ కాగితం మీద రాసుకుని, మిగతా పత్రాల్లోని రూపంతో ఏది కలుస్తుందో చూడండి. సి, టి కూడా ఒకదానికొకటి అచ్చం పోలి ఉంటాయి.

పూర్వపదం, ఉత్తరపదం

రూపాలు చేరాక పేరును రెండుగా విరవండి. మన ఊరిపేర్లలో పల్లి, పాడు, పర్రు ఉన్నట్టే ఇక్కడా ఉత్తరపదం ఊరి తీరును చెబుతుంది, పూర్వపదం ఎవరిదో ఎలాంటిదో చెబుతుంది. ముందు ఉత్తరపదాన్ని తేల్చండి.

ఏ పొరలోదో చూసుకోవాలి. చెస్టర్, కాస్టర్, సెస్టర్ అన్నవి లాటిన్ "కాస్త్రా" నుంచి వచ్చాయి, రోమన్ కోటల జాడలు. హామ్, తూన్, లేహ్ (అడవి చదును), ఫోర్డ్ (ఏరు దాటే రేవు), బుర్హ్ పాత ఇంగ్లీషువి. బి (ఊరు), థార్ప్ (శివారు పల్లె), థ్వెయిట్ (అడవి నరికి చదును చేసిన చోటు) వైకింగుల నార్స్ భాషవి. యార్క్‌షైర్, లింకన్‌షైర్ మ్యాపుల నిండా అవే. ఇంగ్లీషు పేరును నార్స్ నాలుక తిరగరాసిన చోట్లు కూడా ఉన్నాయి. లండన్‌లోని చిజిక్, కంబ్రియాలోని కెజిక్ రెండూ ఒకే పేరు, చీజు తయారయ్యే పాడి కమతం అని. దక్షిణాన "చ" నిలిచింది, ఉత్తరాన నార్స్ వాళ్ళ "క" వచ్చి కూర్చుంది. షిప్టన్, స్కిప్టన్ జంట కూడా ఇంతే, రెండూ గొర్రెల కమతాలే. కాబట్టి ఉత్తరాదిలో "క", "స్క" ఉన్నంత మాత్రాన ఊరిని నార్స్ వాళ్ళే కట్టారని తేల్చకండి.

ఎక్కువ మంది బోల్తాపడే చోట్లు మూడు.

మొదటిది హామ్. పాత ఇంగ్లీషులో రెండు వేర్వేరు మాటలు ఇప్పుడు ఒకే స్పెల్లింగులో ఇరుక్కున్నాయి. దీర్ఘంతో "హామ్" అంటే ఇల్లు, నివాసం. ద్విత్వంతో "హమ్మ్" అంటే నీళ్ళో చిత్తడో చుట్టుముట్టిన నేల, ఏటి మలుపు. డూమ్స్‌డే రూపం చూసి తేడా చెప్పలేరు. పాత రూపాల్లో ఎక్కడైనా రెండు "మ"లు, "హమ్మె", "హొమ్మె" అని కనిపిస్తే అది నేల పేరు. బకింగ్‌హామ్ 918 రూపం "బుక్కింగహమ్మె", బుక్క బలగానిది ఏటి మలుపు. దక్షిణ భారతీయులు చాలామంది స్థిరపడ్డ లండన్ ఈస్ట్ హామ్ కూడా 958లో "హమ్మె"నే. థేమ్స్ చిత్తడి పక్కనున్న నేల అది.

రెండోది నడుమ వచ్చే "ఇంగ్". "ఇంగాస్" అంటే ఫలానా వాడి మనుషులు. రెడింగ్ పేరు అలా పుట్టిందే, రేడ అనేవాడి బలగం. నాటింగ్‌హామ్‌లోనూ అదే ఉంది. కానీ హంటింగ్డన్ పాత రూపం "హుంతందూన్", వేటగాడి గుట్ట. ఆబింగ్డన్ "అబ్బందూనె", ఎబ్బ గుట్ట. ఇక్కడ ఉన్నది షష్ఠీ విభక్తిలోని "న" మాత్రమే. మిగతా "ఇంగ్" పేర్లు విని విని జనం దీన్నీ వాటి సరసన చేర్చారు. 1086కు ముందో వెనకో "ఇంగ" అని స్పష్టంగా రాసిన రూపం లేనిదే బలగం మాట ఎత్తకండి.

మూడోది బ్రాటన్ రకం. "బ్రోక్" (వాగు), "బుర్హ్" (కోట, దడి కట్టిన చోటు), "బెర్గ్" (గుట్ట, దిబ్బ) మూడూ తూన్‌తో కలిసి చివరికి ఒకే బ్రాటన్ అయ్యాయి. పాత రూపంలో "క" ఉంటే వాగు, "ఉ"తో బుర్ అని ఉంటే కోట, "ఎ"తో బెర్ అని ఉంటే దిబ్బ అన్న అనుమానంతో మొదలుపెట్టండి. కోట జాడ కోసమో వాగు కోసమో తర్వాత నేల చూడాలి.

సంధి కూడా గమనించాలి. ఊరి పేరును "ఫలానా దగ్గర" అని విభక్తితో వాడుతూ వాడుతూ, ముందు మాట ముక్క పేరుకు అతుక్కుపోయింది. ససెక్స్‌లోని రై అంటే దీవి దగ్గర. "అట్టెర్ ఈ"లోని "ర్" జారి ఈ పక్కకు వచ్చింది. బకింగ్‌హామ్‌షైర్ నాష్ అసలు ఆష్, ఆ పేరుగల చెట్టు. "అట్టెన్ ఆష్"లోని "న్" దానికి దక్కింది. పేరు మొదట ఊరికే ఒక "న" గానీ "ర" గానీ ఉంటే, దాన్ని తీసేసి చదివి చూడండి.

వెనక తగిలిన తోకలు

తెలంగాణ రెవెన్యూ రికార్డుల్లో కలాన్, ఖుర్ద్ అని చూసినవాళ్ళకు ఈ భాగం తేలిక. అక్కడ దఫ్తరు భాష పారసీ, ఇక్కడ లాటిన్. మాగ్నా అంటే పెద్ద, పార్వా అంటే చిన్న. రెజిస్ అంటే రాజుది, ఎపిస్కొపి బిషప్‌ది, అబ్బాస్ మఠాధిపతిది. డోర్సెట్‌లో టోలర్ పోర్కోరమ్ అనే ఊరుంది, పందుల టోలర్ అని.

నార్మన్ జమీందారుల ఇంటిపేర్లు మరో రకం: మెల్టన్ మోబ్రే, స్టోక్ మాండెవిల్. మిల్టన్ కీన్స్ అన్న పేరులో కవి మిల్టనూ లేడు, ఆర్థికవేత్త కీన్సూ లేడు. 1086లో అది "మిడెల్‌తోనె", నడిమి ఊరు. కీన్స్ ఫ్రాన్సు నుంచి వచ్చిన కహాన్య్ కుటుంబం పేరు. తోక మొదట ఏ ఏట కనిపించిందో పట్టుకుంటే, ఆ చుట్టుపక్కల కాలంలో ఆ మేనర్ (జమీ) ఎవరి చేతిలో ఉందో చూడవచ్చు. జమీందారు చనిపోయినప్పుడు అతని ఆస్తిపై జరిపిన విచారణ పత్రాలు ఇందుకు బాగా పనికొస్తాయి. తోకను గుర్తించకపోతే ఏమవుతుందో సోమర్సెట్‌లోని బ్రిడ్జ్‌వాటర్ చూపిస్తుంది. వంతెన, నీళ్ళు అని ఎవరైనా చెబుతారు. 1086లో అది ఉత్త "బ్రుగియె", వంతెన. 1194లో "బ్రిగెవాల్టియెర్". నీళ్ళు కాదు, వాల్టర్. డూమ్స్‌డే నాటికి ఆ ఊరు వాల్టర్ ఆఫ్ దూయే అనే దొరది.

నేలతో సరిచూడటం

ఇప్పుడు బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 మ్యాపు తీసుకోండి. సమోన్నత రేఖలు, వాగులు, చిత్తడి గుర్తులు స్పష్టంగా కనిపించే స్కేలు ఇది. పాత ఇంగ్లీషులో గుట్టకు, లోయకు మాటలు చాలా ఉన్నాయి. అవి పర్యాయపదాలు కావని ఊరిపేర్ల పరిశోధకురాలు మార్గరెట్ గెల్లింగ్ ఊరూరా నేల చూసి నిరూపించారు. దూన్ పైన ఇళ్ళు కట్టుకోగల చదునున్న గుట్ట. "హోహ్" పాదం మడమలా ముందుకు పొడుచుకొచ్చి ఒక్కసారిగా దిగిపోయే గట్టు. దెను పొడవాటి లోయ, "కుంబ్" మూడువైపులా మూసుకున్న గిన్నెలాంటి పొట్టి లోయ. మీరు హోహ్ అని తేల్చిన చోట మ్యాపులో నేల పలకలా ఉంటే, పట్టిక మళ్ళీ మొదటినుంచి చూడాలి. పాత ఊరు ఎక్కడుండేదో చర్చి చెబుతుంది, అక్కడి నుంచి కొలవండి. రైల్వే స్టేషన్ చుట్టూ పెరిగిన కొత్త కాలనీ నుంచి కాదు.

లెస్టర్‌షైర్‌లోని బ్రీడన్ ఆన్ ద హిల్ అన్న పేరులో మూడు గుట్టలున్నాయి. ఇంగ్లీషువాళ్ళకు ముందు అక్కడున్న బ్రిటన్ల భాషలో "బ్రె" గుట్ట, దాని అర్థం తెలియని ఇంగ్లీషువాళ్ళు దూన్ చేర్చారు, అదీ మరిచాక హిల్ వచ్చింది. ఇది నిక్కమైన కథ. దీన్ని మించి నాలుగు గుట్టల పేరని జనం చెప్పుకునే కంబ్రియా "టార్పెన్‌హౌ హిల్" మాత్రం నమ్మకండి. టార్పెన్‌హౌ ఊరుంది కానీ, ఆ పేరుతో మ్యాపులో గుట్ట లేదు.

నది పేరుతోనూ జాగ్రత్త. కేమ్‌బ్రిడ్జ్ అంటే కామ్ నది మీది వంతెన అనిపిస్తుంది. 875 రూపం "గ్రాంటెబ్రిజ్", నది గ్రాంటా. పేరు నలిగి కేమ్‌బ్రిడ్జ్ అయ్యాక, అందులోంచి కామ్ నదిని పుట్టించారు. చెల్మ్స్‌ఫర్డ్ నుంచి చెల్మర్, వాండ్స్‌వర్త్ నుంచి వాండిల్ కూడా ఇలా వెనక్కి పుట్టినవే. ఊరి పేరులో నది కనిపిస్తే, ఆ నది పేరుకు ఊరికంటే పాత రాత ఉందో లేదో చూడటం తప్పనిసరి.

ఊరివాళ్ళ నోరు

స్పెల్లింగును ఒక కాలంలో లేఖరులు నిలబెట్టేశారు, నోరు మాత్రం ఆగలేదు. నార్ఫోక్ హాపిస్‌బర్గ్ పలకడంలో హేజ్‌బరో, విమండ్‌హామ్ విండమ్, డెవన్‌లోని వుల్ఫార్డిస్‌వర్దీ వుల్సరీ. నొక్కు మొదటి అక్షరం మీద పడి, నడిమి అక్షరాలు కరిగిపోతాయి. అందుకే 1538 తర్వాతి రిజిస్టర్లలో పాదిరీ "తప్పుగా" రాసిన స్పెల్లింగు పారేయవద్దు, అతను విన్నది విన్నట్టు రాశాడు. ఏ శతాబ్దంలో ఏ అక్షరం కరిగిందో అక్కడే తెలుస్తుంది. మరోపక్క బడి, రైలు, తపాలా వచ్చాక కొన్ని ఊళ్ళు రాతకు తగ్గట్టు నోరు మార్చుకున్నాయి. సైరెన్‌సెస్టర్‌ను పూర్వం సిసిటర్ అనేవారు. కాబట్టి ఇవాళ్టి ఉచ్చారణ అడిగినప్పుడు ఊళ్ళో ముసలివాళ్ళు ఏమనేవారో కూడా అడగండి. మ్యాపు వేసేటప్పుడు సర్వే వాళ్ళు స్పెల్లింగు ఎవరెవరిని అడిగి ఖరారు చేశారో రాసుకున్న పుస్తకాలు ఉండేవి. ఇంగ్లండువి ఎక్కువ భాగం 1940లో సౌతాంప్టన్ మీద పడ్డ బాంబులకు కాలిపోయాయి.

ఫలితం రాసే తీరు

ఎసెక్స్‌లోని అగ్లీ అనే ఊరి నమోదు ఇలా ఉంటే చాలు: "ఉగ్గెలె 1041 ప్రాంతం, ఉగ్గెలెయ 1086. *ఉగ్గ అనే వ్యక్తి అడవి చదును." ముందున్న చుక్క గుర్తు (*) వదలకండి. ఆ మనిషి పేరు వేరే ఎక్కడా రాతలో లేదని, ఈ ఊరిపేరు నుంచే ఊహించామని దాని అర్థం. నార్ఫోక్‌లోని గ్రేట్ స్నోరింగ్ కూడా ఇలాంటిదే. గురకతో సంబంధం లేదు, 1086లో "స్నారింగెస్", *స్నెయర్ మనుషులు. అర్థం తట్టనప్పుడల్లా ఒక చుక్క గుర్తు మనిషిని పుట్టించడం సులువు. చెట్టు, జంతువు, నేల, పంట, అన్నీ చూశాకే మనిషి దగ్గరకు రండి.

రెండు అర్థాలు మిగిలిపోతే రెండూ రాయండి. మిల్టన్‌లలో ఎక్కువ భాగం నడిమి ఊళ్ళే, కొన్ని మాత్రం "మిలెన్", మర ఉన్న ఊళ్ళు. మీ మిల్టన్‌కు 1300 తర్వాతి "మిల్‌టన్" రూపాలు తప్ప మరేమీ దొరకలేదనుకోండి. నడిమి, మర అని రెండూ వేసి, "మిడెల్" అని ఒక్క పాత రూపం దొరికినా మొదటిదే ఖాయమని, "మిలెన్" దొరికితే రెండోదని పక్కన పెన్సిలుతో రాసిపెట్టుకోండి.